గడప దాటిన వైరు

నెమలి తోక దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ మళ్ళీ చచ్చింది.

పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. నల్లబడిన తెరలో వసంతకు తన మొహమే కనిపించింది. అదీ అంత బాగా లేదు.

"అయిందా?" వాకిట్లోంచి అడిగాడు మహిపాల్. అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు. చేతిలో బండి తాళం ఉంది.

"ఇరువై నిమిషాలు నడిచింది."

"మొన్న గంట నడిచింది. నిన్న అర్ధగంట. ఎల్లుండికి మనం మీట నొక్కుడు, అది దండం పెట్టుడు. ఇగ చాలు వసంతా. జగిత్యాలకు పోతున్న, కొత్తది తెస్త."

"ముందుగాల దీన్ని ఎవలకన్న సూపియ్యరాదు? లోపల ఫ్యాన్ మారిస్తె, మెమరీ జెర పెంచితె ఇంకో రెండేండ్లు..."

"ఎవలకు సూపియ్యాలె?"

వసంత మౌస్ చేతిలోకి తీసుకుంది.

"చెప్పు. ఎవలకు?"

ఆమె కొంగుతో దాన్ని తుడవడం మొదలుపెట్టింది. అది అద్దంలా మెరిసేదాకా తుడిచింది.

సిరిసిల్లలో ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. దాని పేరు వెంకటేశం. వసంత తమ్ముడు. కోరుట్లలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. పదమూడేళ్ళ కింద ఈ డబ్బాను ముక్క ముక్క ఏరి కూర్చి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టింది అతడే. అక్క ఈ డబ్బాలో అంచులు గీస్తుంది. ఆ గీతలను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలను బట్టి మగ్గం చీరె మీద పువ్వులు నేస్తుంది.

రెండు దసరాలుగా వెంకటేశం ఈ గడప తొక్కలేదు. తొక్కవద్దన్నది మహిపాల్.

"ఆని పేరు ఎత్తకుండ ఆని తానికి తోలుదామని సూస్తున్నవు," అన్నాడు మహిపాల్.

"నేను ఎవ్వలి పేరు ఎత్తలేదు."

"గదే అంటున్న."

"కొత్త దాంట్ల మన తాళం పట్టది," అంది వసంత మెల్లగా.

తాళమంటే వేలెడంత ముక్క. దాన్ని డబ్బా వెనక గుచ్చితేనే డిజైన్ల సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ రంధ్రమే ఉండదు.

"అన్నీ పడుతయట. దుకాణపోడు ఫోన్ల చెప్పిండు. జలపతి రావుకు గురువారం వరకు నెమలంచు నమూనా ఇయ్యాల్నా వద్దా? నువ్వు సొంతంగ గీసిన మొదటి నెమలి. గది తోక లేకుండ పోవాల్నా?"

ఆ మాట మాత్రం వసంతకు తగిలింది. జగిత్యాలలో పెద్ద బట్టల దుకాణం జలపతి రావుది. పాత డిజైన్లు తిరగేసి ఇవ్వడం కాదు, నీ చేతి గీత కావాలని ఆయన అడగడం ఇదే మొదలు.

అప్పుడే మగ్గాల షెడ్డు తలుపు తెరుచుకుంది. నాలుగు మగ్గాల చప్పుడు వరదలా ఇంట్లోకి వచ్చింది. దాంతోపాటే మామ ముత్యం కూడా వచ్చాడు. తలుపు మూసి, కొడుకునూ కోడలినీ చూసి నవ్వాడు.

"కోడలా, నీ మొగడు నిన్ను మొండిది అన్నడు."

"నేనన్లే బాపూ!"

"నోటితోని అన్లే. పెదాలతోని అన్నవు. కిటికీలకెల్లి సూసిన."

నలభై ఏళ్ళు మగ్గాల మధ్య బతికినవాడు మాటలను చెవులతో వినడు, కళ్ళతో వింటాడు. ఆ చప్పుడులో వేరే దారి లేదు. షెడ్డు ఈ కొసన గొణిగితే ఆ కొసన నవ్వుతారు. కోరుట్ల నుంచి కోడలై వచ్చిన వసంతకు పద్దెనిమిదేళ్ళయినా ఆ విద్య పట్టుబడలేదు. ముత్యానికి మాత్రం కావలసినదానికంటే ఎక్కువే పట్టుబడింది. ఆయన చదివిన పెదాల్లో ముప్పావు నిజం. మిగతా పావు ఆయన కళ.

"కంప్యూటర్లు గిట్ల లేనప్పుడు, మేం మగ్గాలు నడిపిన భీవండిల ఒక డిజైన్ మాస్టర్ ఉండె," అన్నాడు ముత్యం కుర్చీలో కూర్చుంటూ. "కండ్లు మూసుకొని గళ్ళ కాయితం నింపేటోడు. ఒకనాడు నెమలిని గీసిండు. మగ్గమెక్కిచ్చినం. సగం నేసినంక ఏమైంది? వాన మబ్బు పట్టింది. నెమలి లేసిపోయింది. చీరె మీద తోక ఒక్కటే మిగిలింది."

"మరి చీరె ఏం చేసిన్రు మామా?"

"అమ్మినం. తోక డిజైనని."

వసంత నవ్వింది. మహిపాల్ కూడా నవ్వబోయి, నవ్వితే జగిత్యాల ప్రయాణం ఆగిపోతుందేమోనని బిగబట్టుకుని బండెక్కాడు.

బండి చప్పుడు సందు దాటాక ఇల్లు మెత్తబడింది.

వంటింటి గుమ్మంలో అత్త మల్లవ్వ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. టేబుల్ దగ్గరికి వచ్చి కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెట్టింది.

డబ్బా మీదంటే డబ్బా మీద కాదు, దాని అంగీ మీద.

మగ్గాలున్న ఇంట్లో దూది మంచులా రాలుతుంది. అన్నం గిన్నెకు మూత, బిందెకు గుడ్డ, టీవీకి ముసుగు. ఇంత విలువైన డబ్బాను బోసిగా ఉంచుతుందా మల్లవ్వ? గత మూడు దసరాలకూ మగ్గాల పూజ కాగానే, ఆ పూట దిగిన మొదటి గుడ్డతో దానికి అంగీ కుట్టింది. కుంకుమ బొట్టు పెట్టి తొడిగింది. బొట్టు పెట్టిన గుడ్డను తీయకూడదు కనుక కొత్తది పాతదాని మీదే. మీట నొక్కడానికి ముందర ఒక కాజా, వైర్లకు వెనక ఒక కాజా. అంతే.

"బిడ్డా, గిది రొట్టె పెంకలెక్క కాలుతాంది."

వసంత టేబుల్ మీది దూదిని చేత్తో ఊడ్చింది.

"గీ గుడ్డతోనేనా?"

వసంత కిటికీలోకి చూసింది.

"నిన్నే అడిగేది. గా దసరా నాడు నీ తమ్ముడు అన్న మాట నిజమేనా? దీనికి ఊపిరాడుతలేదా?"

ముత్యం బీడీ తీశాడు, ముట్టించాడు, మనసు మార్చుకుని ఆర్పేశాడు.

"నీకెరుకనే ఉన్నది," అంది మల్లవ్వ.

"అంగీ తీస్తె నా తమ్ముని దిక్కు మాట్లాడినట్టు అయితది అత్తమ్మా. ఉంచితె డబ్బా సస్తది. ఏం చెయ్యాల్నో తెల్వలె. ఉంచిన."

మల్లవ్వ కోడలి గడ్డం పట్టుకుని చూసింది. రెండేళ్ళుగా ఈ పిల్ల తన కుట్టు మీద ఒక్క మాట అనలేదు. చెయ్యి తీసేసి, గొంతు మార్చి అంది.

"పొయ్యి మీద పాలు సూడుపో."

వసంత వెళ్ళి చూసింది. పొయ్యి మీద పాలే లేవు. తిరిగి వచ్చేసరికి టేబుల్ మీద డబ్బా లేదు, ఇంట్లో అత్త లేదు.

"మామా! డబ్బా ఏది?"

"నెమలి లేసిపోయింది," అన్నాడు ముత్యం. ఈసారి ముట్టించిన బీడీ ఆర్పలేదు.

వేములవాడలో బస్సు మారేటప్పుడు కండక్టరమ్మ మల్లవ్వ ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ కొట్టింది. తర్వాత ఒళ్ళో ఉన్న మూటను చూసింది.

"అవ్వా, మూటల ఏముంది?"

"నెమలి."

"ఏందీ?"

"తోక రాలే. కోరుట్లకు దవాఖానకు తీసుకపోతున్న."

కండక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. పక్క సీటు ఆమె మాత్రం చందుర్తి దాకా మూట వైపే భయంగా చూసింది.

కోరుట్ల దుకాణంలో వెంకటేశం ఎవరిదో లాప్‌టాప్ బోర్లా వేసి మరలు విప్పుతున్నాడు. తలెత్తి మల్లవ్వను చూసి చేతిలోని మరలన్నీ జారవిడిచాడు.

"అత్తా! అక్క మంచిగున్నదా?"

"అందరు మంచిగున్నరు. దీనికే పానం బాగలేదు."

మూట విప్పాడు. ఒక అంగీ తీశాడు. దాని కింద ఇంకొకటి. దాని కింద మరొకటి. పై రెండూ కిందిదాని కంటే మందం. వెంకటేశంతో తగాదా అయ్యాక పౌరుషానికి పోయి రెండు పొరలేసి కుట్టినవి. అడుగున ఉన్నదాని దగ్గర అతని చెయ్యి ఆగింది. దానికి ఒక పక్క చిరుగు ఉంది, మళ్ళీ కుట్టిన గుర్తు ఉంది. ఆ రోజు తాను గుంజినది అదే.

దాన్ని మడతపెట్టి దేవుడి పటం పక్కన పెట్టాడు.

"గట్ల గుంజకుండ ఉండాల్సింది నేను," అన్నాడు.

"గుంజినందుకు కాదు కొడుకా. పండుగ పూట, నలుగుట్ల, 'పీనుగ మీద కప్పినట్టు కప్పినవు' అంటివి. గది నా కడుపుల పడ్డది. నా కండ్లల్ల నీళ్ళు సూసి మీ బావ గరమైండు."

"నోరు జారింది అత్తా."

"జారింది. గని ఇప్పుడు సూడు, పీనుగే అయ్యింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. ఎదురు దుకాణం నుంచి మనుషులు తొంగిచూశారన్నది మాత్రం నిజం.

డబ్బా తెరిస్తే లోపల దూది మేట వేసింది. ఫ్యాన్ ఎక్కడుందో వేలు పెట్టి వెతకాల్సి వచ్చింది. ఆ దూదితో ఒక చిన్న దిండు కుట్టవచ్చు. రెండు దిండ్లని ముత్యం ఆ సాయంత్రమే అన్నాడు. వారం తిరిగేసరికి అది పరుపు అవుతుంది, అబద్ధమైతే నన్నడగండి.

వెంకటేశం ఊదాడు, తుడిచాడు, కొత్త ఫ్యాన్ బిగించాడు, మెమరీ ఒక ముక్క కలిపాడు. డబ్బా గుర్రుమని లేచింది. డిజైన్ల సాఫ్ట్‌వేర్ నొక్కితే మాత్రం తెరుచుకోలేదు.

"తాళం ఏది అత్తా?"

"ఏం తాళం?"

"వెనుక గుచ్చేది. అది లేకుంటె నెమలిని తెరిచి సూసుడు ఎట్ల? పని చేస్తున్నదో లేదో ఎట్ల చెప్పాలె?"

"ఇంట్ల ఉండిపోయినట్టున్నది. నువ్వే వచ్చి సూడాలె ఇగ."

మల్లవ్వ ఆ ముక్కను మరిచిపోయిందా, కావాలనే వదిలిందా? నేను చెప్పను. వైర్లన్నీ బర్రె తలుగు విప్పినంత సులువుగా విప్పిన మనిషి, ఆ ఒక్కదాన్ని ప్రత్యేకంగా పీకి టేబుల్ సొరుగులో పెట్టిందని మాత్రం చెప్పగలను.

వెంకటేశం మొహం ముడుచుకుంది. "నేను రానత్తా. గడప తొక్కద్దన్నడు బావ. నేనూ తొక్కనన్న."

"తొక్కకు. అరుగు మీద కూసో."

"అరుగు మాత్రం ఎవలది?"

"నాది. బీడీలు చేసుకోను మా మామ కట్టిచ్చిండు. గా ఇంట్ల మీ బావ పుట్టకముందు నుంచి అరుగు నాదే. నడువు."

సాయంత్రం నాలుగింటికి సిరిసిల్లలో ఆ ఇంటి ముందు ఏం కనిపించిందంటే: డబ్బా అరుగు మీద. తెర ఇంట్లో, గుమ్మం దాకా జరిపిన టేబుల్ మీద. రెంటి మధ్య గడప మీదుగా ఒక నల్లటి వైరు. బయట తమ్ముడు, లోపల అక్క.

"చిక్కినవురా," అంది వసంత, రెండేళ్ళ తర్వాత మొదటి మాటగా.

"నువ్వు ఉబ్బినవక్కా."

"నోట్ల మన్ను వడ. జారెడు నోరు ఇంక బాగు చేసుకోలేదా?"

"గా స్పేర్ పార్ట్ దొర్కుతలేదు."

వసంత ఏడుపు ఆపుకోవడానికి మౌస్ పట్టుకుంది. సొరుగులోని తాళం గడప మీదుగా అతని చేతికి వెళ్ళింది. తెర మీద నెమలి వచ్చి నిలబడింది. తోక లేకుండా.

షెడ్డులో పనిచేసే మహేందర్ టీ తాగాలని మగ్గాలు ఆపాడు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలోకే మహిపాల్ బండి వచ్చి ఆగింది. వెనక సీటుకు తాళ్ళతో కట్టిన పెద్ద అట్టపెట్టె.

మహిపాల్ బామ్మర్దిని చూశాడు. వైరును చూశాడు. తల్లిని చూశాడు. లోపలికి పోదామని కాలెత్తాడు.

"వైరు తొక్కకు," అంది మల్లవ్వ. "నెమలి పోతది."

కాలు దింపాడు. ఇల్లు తనదే, పోవడానికి దారి లేదు. తాళ్ళు విప్పి అట్టపెట్టె ఎత్తుకుని, అరుగు రెండో కొసన కూర్చున్నాడు. ఇప్పుడు ఇద్దరూ బయటే.

వసంత తోక గీయసాగింది, ఒక్కొక్క గడీ నింపుకుంటూ. ముత్యం గోడ గడియారం కింద నిలబడ్డాడు.

"పది నిమిషాలు."

మల్లవ్వ టీ తెచ్చింది. కొడుక్కొక గ్లాసు, వెంకటేశానికొక గ్లాసు. రెండూ ఒకే పళ్ళెంలో పెట్టి, ఇద్దరి మధ్య ఉంచి పోయింది. ఎవరో ఒకరు చెయ్యి చాపాలి. చాలాసేపు ఎవరూ చాపలేదు. టీ మీద మీగడ కట్టింది.

"ఇరువై," అన్నాడు ముత్యం.

డబ్బా చావలేదు.

"ఇరువై అయిదు. నా పెండ్లి గూడ గింతసేపు కాలే."

ముప్పై అయిదో నిమిషంలో నెమలి తోక విప్పింది. టీ తాగుతూ నిలబడ్డ మహేందర్ "అబ్బ!" అన్నాడు. మహిపాల్ మెడ సాచి గుమ్మంలోంచి తెరను చూశాడు. భార్య గీసిన ఆ ఈకల వంపు చూసి మొహం దానంతటదే విచ్చుకుంది. వెంటనే ముడిచాడు.

"గుడ్డతోనే అయ్యింది కొడుకా," అంది మల్లవ్వ గుమ్మంలోంచి. "నా కుట్టుతోనే. ఈ పిలగాడు గప్పుడే చెప్పిండు. చెప్పెడు తీరుగ చెప్పలేదు గని, చెప్పిండు."

మహిపాల్ ఒళ్ళో పెట్టె అంచు గోటితో గీకాడు. కాసేపటికి, ఎటో చూస్తూ అడిగాడు.

"ఇది ఇంక ఎన్ని దినాలు నడుస్తది?"

ప్రశ్న గాలిలోకే వేశాడు. అరుగు మీద గాలి కాక ఉన్నది ఒక్కడే.

వసంత మౌస్ వదిలేసింది. ఏడాది నడుస్తదని అంటే చాలు. కొత్త పెట్టె వాపసు పోతుంది, తమ్ముడు మళ్ళీ వస్తాడు. కళ్ళతోనే తమ్ముడిని బతిమాలింది.

వెంకటేశం పళ్ళెంలోని గ్లాసు చూస్తూ అన్నాడు. "అబద్ధం చెప్పను బావా. కొత్తదే మంచిది. తాళం సంగతి అక్క చెప్పింది నిజమే, నువ్వు తెచ్చిన దాంట్ల పట్టది. గని సాఫ్ట్‌వేర్ కంపెనోళ్ళకు రాస్తె కొత్త తీరు తాళం పంపుతరు, నెలో రెండు నెల్లో. ఆ తర్వాత దానికి ఎవ్వలు అక్కెర లేదు. అక్క ఒక్కతే నడుపుకుంటది."

వసంత తల వాల్చింది.

"మరి పాతది?" అన్నాడు మహిపాల్.

"గది మగ్గాల ఇంట్ల డబ్బ. అంగీలు లేకుండ నడవాలె. నెలకొకసారి ఎవలన్న వచ్చి, తెరిచి, దూది ఊదాలె. ఎన్ని దినాలు ఊదితె గన్ని దినాలు నడుస్తది." గొంతు సరిచేసుకున్నాడు. "ఇగ ఏది ఉంచుతవో నీ ఇష్టం. నాకు ఆరింటికి బస్సున్నది."

మహిపాల్ చాలాసేపు ఆలోచించాడు. ముత్యం కూడా ఆ సేపు కథలేవీ చెప్పలేదు, అంతటి మనిషి. చివరికి మహిపాల్ చెయ్యి చాపి, మీగడ కట్టిన గ్లాసు ఒకటి తీసుకున్నాడు. రెండోదాన్ని బామ్మర్ది వైపు జరిపాడు. అతని వైపు తిరిగి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే, తాగిన గ్లాసు కడిగి బోర్లించి షెడ్డులోకి వెళ్ళిన మహేందర్ మీటలన్నీ ఒక్కసారి ఎక్కించాడు. నాలుగు మగ్గాలు కలిసి గర్జించాయి.

మహిపాల్ పెదాలు కదిలాయి. నాలుగైదు మాటలు. వెంకటేశం తల పైకి లేచింది. అతని మొహంలోకి ఏదో వచ్చింది. నవ్వో, ఏడుపో, లోపల కూర్చున్న వసంతకు సగమే కనిపించింది. ఒక్క మాటా వినపడలేదు.

ఆమె కుర్చీ తోసుకుని లేచింది. ఆ చప్పుడులో మాటలను కళ్ళతో విన్నవాడు గడియారం కింద నిలబడ్డ ముత్యం ఒక్కడే.

"మామా! ఏమన్నడు?" అంటూ ఆయన చెవి దగ్గర అరిచింది.

ముత్యం కోడలి చెవి దగ్గరికి వంగాడు. "దూది బయట ఊదితె ఊరంత పడుతది, లోపలికొచ్చి ఊదుమన్నడు."

"నిజంగనా మామా? మీ మీద ఒట్టా?"

"నేనెప్పుడన్న అబద్ధం చెప్పిన్నా?"

వసంత ఆయన కళ్ళలోకి చూసింది. భీవండి నెమలి కథ చెప్పేటప్పుడు ఎలా ఉంటాయో, ఆ కళ్ళు అచ్చం అలాగే ఉన్నాయి.

ఇక ఆయనను అడిగి లాభం లేదు. ఆమె గడప వైపు తిరిగింది.

వైరుకు అవతల, అరుగు మెట్టు దగ్గర వెంకటేశం గడప వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అతని చెప్పుల్లో ఒకటి విడిచి ఉంది. రెండోది ఇంకా కాలికే ఉంది.